పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ మా తోటలోకి రావాలంటే ఏం చెయ్యాలి?

తోటిల్లు_కవిటి

అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర ఒక ఊరు. ఇల్లు వీధుల్లో లేదు, ఊరు దాటాక కొబ్బరి తోటలో ఉంది. పంచాయతీ ఆఫీసు నుంచి మా గుమ్మం దాకా ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని నడిచి చూశాను, 720 మీటర్లు. నా బాధంతా ఆ 720 మీటర్లతోనే.

వైజాగ్‌లో మెడికల్ కోడింగ్ చేసేదాన్ని. నాన్నకు వారానికి మూడుసార్లు సోంపేటలో డయాలసిస్ మొదలయ్యాక (కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానం వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు) కంపెనీని బతిమాలుకుని ఇంటి నుంచి పని తెచ్చుకున్నాను. లైన్ తెగకూడదన్నది ఒక్కటే వాళ్ళ షరతు. మేం చదివే ఆసుపత్రి కాగితాలు మా కంప్యూటర్లోకి రావు. అక్కడెక్కడో ఉన్న సర్వర్ తెర ఇక్కడ కనిపిస్తుంది, అంతే. ఒక్క నిమిషం నెట్ పోతే బయటికి తోసేస్తుంది. మళ్ళీ లాగిన్, మళ్ళీ ఓటీపీ, సగం చదివిన చార్టు మళ్ళీ మొదటి పేజీ నుంచి.

ఇప్పుడు నడుస్తున్నది ఫోన్ హాట్‌స్పాట్ మీద. పొద్దున ఆరింటికి బాగానే ఉంటుంది. రాత్రి ఏడు దాటి ఊరంతా ఫోన్లు పట్టుకున్నారంటే నేను దాబా ఎక్కాల్సిందే. చెట్ల కింద ఒక గీత, దాబా మీద మూడు. మొన్న వానలో గొడుగు పట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటే తమ్ముడు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వారు. మా టీమ్ లీడర్‌కి పంపితే ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఊళ్ళో ఫైబర్ లేదా అంటే ఉంది. పంచాయతీ ఆఫీసులో ఒక పెట్టె రాత్రీ పగలూ పచ్చదీపాలతో మెరుస్తూ ఉంటుంది. ఎవరు పెట్టారో పేరు వద్దులెండి. ఇంటికి లైన్ ఇవ్వమని మూడుసార్లు అర్జీ పెట్టాను. ఫీజిబిలిటీ చూస్తామని మూడుసార్లూ మెసేజ్ వచ్చింది, చూడటానికి మనిషి రాలేదు. ఊళ్ళో కేబుల్ ఆయన రామాలయం వీధిలో ముప్పై ఇళ్ళకు నెట్ ఇచ్చారు. ఆయన్ని అడిగితే, "అంత దూరం వస్తే స్పీడ్ పడిపోద్దమ్మా, పద్దెనిమిది స్తంభాలు ఎక్కాలి, పన్నెండు వేలవుద్ది" అన్నారు.

దూరానికి స్పీడ్ నిజంగా పడిపోతుందా? పన్నెండు వేలు న్యాయమైన మాటేనా? పెట్టాక తుఫానొస్తే నా డబ్బు గాల్లో కలిసినట్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జామి_కుర్రోడు

ఎందుకండీ ఈ స్తంభాల గోల? గజపతినగరం దగ్గర మా అత్తగారింట్లో 5జీ ఎయిర్‌ఫైబర్ పెట్టించారు. మేడ మీద డబ్బా, కింద రౌటర్, గంటలో పని అయిపోయింది. ఏడాది నుంచి సీరియల్ ఒక్కసారి ఆగలేదు, ఆగితే మా అత్తగారు ఊరుకోరు కూడా. మీరూ అదే పెట్టించుకోండి.

రాజాం_కేబుల్

జామి తమ్ముడూ, మీ అత్తగారి మేడ మీంచి టవర్ కంటికి కనిపిస్తాదా? కనిపిస్తే నీ మాట కాదనను. 5జీ ఎక్కువగా నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ అలకి ఎదురుగా ఏమీ ఉండకూడదు. కొబ్బరి తోటలో, అందులోనూ ఆకులు తడిసి ఉన్నప్పుడు, సగం అక్కడే ఆగిపోద్ది. పైగా అదీ టవర్ సిగ్నలే, సాయంత్రం ఊరంతా పంచుకుంటారు. తోటిల్లు చెల్లెమ్మా, ఎయిర్‌ఫైబర్ వాళ్ళొస్తే ముందు దాబా మీద టెస్ట్ చేసి చూపించమను, అదీ రాత్రి ఎనిమిదింటికి. పగలు పదకొండింటికి చూపించే స్పీడ్ పెళ్ళిచూపుల్లో మర్యాదలాంటిది.

ఇక నీ అసలు ప్రశ్న. నేను ఇరవై రెండేళ్ళుగా కేబుల్ మీద బతుకుతున్నాను. డిష్ తిప్పిన రోజుల నుంచి. మీ కేబుల్ ఆయన అబద్ధం ఆడాడని అనను గానీ, పాత లెక్క చెప్పాడు. టీవీ రోజుల్లో నల్ల కోయాక్స్ వైరు వాడేవాళ్ళం. దూరం పెరిగితే బొమ్మ మీద చుక్కలొచ్చేవి, మధ్యమధ్యలో ఆంప్లిఫయర్ పెట్టేవాళ్ళం. ఆ భయం మాలో చాలామందికి పోలేదు. ఫైబర్‌లో పోయేది వెలుగు. మీ ఇంటి నుంచి పైకి వెళ్ళే 1310 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకి పోగొట్టుకునేది 0.35 డీబీ (వెలుగు ఎంత తగ్గిందో చెప్పే కొలత). 720 మీటర్లకు పావు డీబీ అనుకో. ఓఎల్టీ (ఆపరేటర్ గదిలో వెలుగు బయల్దేరే పెట్టె) నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా ఇవ్వొచ్చని డిజైన్‌లోనే ఉంది. అంటే దూరం వల్ల నీకు పోయేదేం లేదు.

మరి వెలుగు ఎక్కడ పోద్దంటే, పంచిన చోట. వెలుగుని రెండు భాగాలు చేస్తే మూడున్నర డీబీ పోయినట్టే. ఎనిమిది భాగాలకు పదిన్నర. అందుకే స్ప్లిట్టర్లు, అంటే వెలుగుని పంచే డబ్బాలు, ఎక్కడెక్కడ పెట్టారో అడగాలి. మాలో కొందరు డబ్బు మిగుల్తాదని ఒకే పోగు వీధి పొడవునా లాగి, ఇంటింటికీ ఒక కప్లర్ తగిలించుకుంటూ పోతారు. మొదటి ఇంటికి కళ్ళు జిగేలు, చివరి ఇంటికి గుడ్డి దీపం. దానికి తోడు మేకుకి బిగించి చుట్టిన వైరు, పవర్ మీటర్ పెట్టకుండా వేసిన జాయింటు. మంచి స్ప్లైసింగ్ మిషన్ మీద వేసిన జాయింటు 0.1 డీబీ కూడా తినదు. నీ చూపుడు వేలికి చుట్టినంత వంకర మాత్రం రెండు మూడు డీబీ తినేయగలదు.

నువ్వు చెయ్యాల్సింది ఏటంటే, రామాలయం వీధిలో చివరి కనెక్షన్ ఎవరిదో వాళ్ళింటికి వెళ్ళు. మోడెమ్ పేజీ తెరిస్తే రిసీవ్ పవర్ అని ఉంటాది, మైనస్‌లో అంకె. అది పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. మైనస్ 27 దాటితే చాలా మోడెమ్‌లు చేతులెత్తేస్తాయి. మైనస్ 20, 22 ఉంటే నీకు పండగ. మైనస్ 25, 26 ఉంటే ఆ వీధి పనే బాగోలేదు. అక్కడి నుంచి నీకు లాగితే పన్నెండు వేలూ దండగ.

పన్నెండు వేలు దోపిడీ కాదు. మా రాజాంలో గట్టి డ్రాప్ వైరు (ఇంటి దాకా లాగే ఫైబర్ వైరు) మీటరు ఎనిమిది రూపాయలు పడుతోంది. వేలాడే కొలతతో కలిపి 750 మీటర్లు, ఆరు వేలు అక్కడే అయిపోయాయి. మోడెమ్, జాయింట్లు, బిగింపులు, ఇద్దరు మనుషులు రెండు రోజులు. ఆయనకేమీ పెద్దగా మిగలదు. అసలు ఆయన భయం డబ్బు గురించి కాదు. నెలకి నాలుగొందలిచ్చే ఒక్క ఇంటి కోసం, మట్ట పడి వైరు తెగిన ప్రతిసారీ ఆ తోటలోకి రావాలి. రాకపోతే నువ్వు తిడతావు. నేనైనా తప్పించుకునే చూస్తాను, నిజం చెప్పాలంటే.

అందుకని ఒక్కదానివే వెళ్ళకు. మీ తోటల్లో ఇంకెన్ని ఇళ్ళున్నాయి? నాలుగైదు ఇళ్ళు కలిస్తే నాలుగు పోగుల వైరు వేసి తోట మొదట్లో ఒక స్ప్లిట్టర్ పెట్టమని అడగొచ్చు. ఖర్చు పంచుకుంటారు, ఆయనకీ రావడానికి కారణం దొరుకుతాది.

వైరు విషయంలో రెండు మాటలు, ఇవి మాత్రం మర్చిపోకు. ఇనుప తీగ ఉన్న డ్రాప్ వద్దు, గ్లాస్ ఫైబర్ పుల్ల ఉన్నది అడుగు. కరెంటు స్తంభం మీద ఇనుము వేలాడదీస్తే ఏదో ఒక రోజు కరెంటు ఆ వైరు పట్టుకుని ఇంట్లోకి నడిచొస్తాది. స్తంభాలు ఏపీఈపీడీసీఎల్‌వి, పర్మిషన్ ఆయన దగ్గర ఉందో లేదో అడుగు. ఇంకోటి, కొబ్బరి చెట్టుకి వైరు కట్టనివ్వకు. గాలికి చెట్టు ఊగుద్ది, వైరు ఊగదు.

రిటైర్డ్_టెలిఫోన్_విజయనగరం

రాజాం ఆయన చెప్పినదంతా సరైనదే. నేను టెలిఫోన్ శాఖలో కేబుళ్ళు అతికే జాయింటర్ల వెనక ముప్పై నాలుగేళ్ళు తిరిగినవాణ్ణి. అమ్మాయి అడిగిన పచ్చదీపాల పెట్టె గురించి కొంచెం చెబుతాను.

పంచాయతీలకు ఫైబర్ వెయ్యాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబర్‌లో ఒప్పుకుంది. రెండున్నర లక్షల పంచాయతీలు లక్ష్యం. అప్పుడు దాని పేరు నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, 2015 నుంచి భారత్‌నెట్. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ వేరే దారి పట్టింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు, గుర్తుండే ఉంటుంది. తవ్వితే ఏళ్ళు పట్టే పని స్తంభాల మీద నెలల్లో అయింది. పది నెలలు తిరక్కముందే, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. ఉద్దానంలో స్తంభాలే పడుకున్నాక వాటి మీద వైరు సంగతి చెప్పేదేముంది. అలాగని భూమిలో వేసినదానికి రక్ష ఉందా అంటే, రోడ్డు వెడల్పు చేసే జేసీబీని చూసిన మా జాయింటర్లు తుఫానే నయం అనేవారు.

భారత్‌నెట్ మొదటి డిజైన్‌లో ఇంకో లోపం ఉంది. మండలం నుంచి పంచాయతీలకు గొలుసులాగా ఒకదాని తర్వాత ఒకటి కలిపారు. నాలుగో ఊరి దగ్గర తెగితే ఐదు, ఆరు, ఏడు కూడా చీకటి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో సవరించిన పథకంలో దీన్ని రింగుగా మార్చాలని పెట్టారు. ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి వస్తుంది. నాకు అంతకంటే నచ్చింది, వేసినవాళ్ళే పదేళ్ళు బాగు చెయ్యాలన్న షరతు. నా సర్వీసంతా చూశాను, కేబుల్ వెయ్యడానికి డబ్బు వచ్చేది, జాయింటు బాగు చెయ్యడానికి నిచ్చెన అడిగితే ఇండెంటు పెట్టమనేవారు.

హైస్పీడ్ అన్న మాటకి మోసపోకమ్మా. 2004లో 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్. తర్వాత 512. 2023 నుంచి కనీసం 2 ఎంబీపీఎస్. కాగితం మీద 2 ఇచ్చినా అది బ్రాడ్‌బ్యాండే! నీ పనికి 100 అక్కర్లేదు, రోజంతా కదలని 20 చాలు.

మెళియాపుట్టి_మాస్టారు

మీరంతా 720 మీటర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మా బడి ఉన్న సవర గూడేనికి ఫైబర్ ఉన్న ఊరు కొండ దిగితే నాలుగు కిలోమీటర్లు. పిల్లల హాజరు ఫోన్‌లో వెయ్యాలి. నేను రోజూ చింతచెట్టు దగ్గరి బండరాయి ఎక్కి వేస్తున్నాను. పిల్లలు దానికి 'టవర్ రాయి' అని పేరు పెట్టారు. మా గతి ఏమిటి?

రాజాం_కేబుల్

మాస్టారూ, మీ బండరాయి మీంచి ఆ ఊరు కనిపిస్తాదా? కనిపిస్తే దారి ఉంది. 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండు, ఎదురెదురుగా. ఆ బ్యాండుకి 2018 నుంచి ప్రత్యేకంగా లైసెన్సు అక్కర్లేదు. కింద ఊళ్ళో ఫైబర్ ఉన్న ఇంటి మేడ మీద ఒకటి, బడి మీద ఒకటి, మధ్యలో చెట్టు అడ్డం ఉండకూడదు. నాలుగు కిలోమీటర్లు దానికి లెక్క కాదు. కానీ నెట్ ఇచ్చే ఆపరేటర్‌ని కలుపుకునే చెయ్యండి, మీ అంతట మీరు లాగి గూడెంలో డబ్బులకు పంచితే చిక్కు. పిడుగుకి ఎర్తింగ్ తప్పనిసరి. కొండ మీద పెట్టే ప్రతి డబ్బానీ పిడుగు ఒకసారి పలకరిస్తాది. నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారం ఖాళీ.

తోటిల్లు_కవిటి

రాజాం అన్నయ్యా, టెలిఫోన్ మాస్టారూ, చాలా థాంక్స్. చివరి ఇల్లు టైలర్ గారిది. ఆయన మోడెమ్‌లో చూశాను, మైనస్ 26.1. వాళ్ళకు రోజుకి నాలుగైదుసార్లు పోతుందట, "నెట్ అంటే అంతే కదమ్మా" అంటున్నారు. ఇంకో డౌట్. నెట్ పోయినప్పుడు తప్పు ఎక్కడుందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చా? కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తే ప్రతిసారీ 'పై నుంచే ప్రాబ్లం' అంటారని టైలర్ గారు చెప్పారు.

రాజాం_కేబుల్

హహ, అది మా అందరి జాతీయగీతం. దీపాలు చూడు. ఎల్ఓఎస్ అని ఎర్రదీపం వెలిగితే మీ ఇంటికి వెలుగే రావట్లేదు. వైరు తెగింది, లేదంటే ఆయన గదిలో ఓఎల్టీ ఆగింది. 'పై నుంచి' కాదు. పాన్ (PON) అని రాసున్న దీపం నిలకడగా పచ్చగా ఉండి నెట్ రాకపోతే అప్పుడు చాలావరకు నిజంగానే ఊరి బయట సమస్య, ఆయన్ని తిట్టకు. ఎర్రదీపం కరెంటు పోయిన వెంటనే వస్తే ఆయన గదిలో బ్యాటరీ లేదన్నమాట. అరగంట ఆగి వస్తే ఉంది గానీ ముసలిదైపోయింది. నువ్వు కూడా మోడెమ్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కో. నువ్వెన్ని బ్యాటరీలు పెట్టినా ఆయన గది చీకటైతే లాభం లేదు, అది ముందే మాట్లాడుకో.

తోటిల్లు_కవిటి

ఏడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. మధ్యలో నాన్నను వారం రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది.

తోటల్లో ఇళ్ళు తిరిగాను. మాతో కలిపి ఆరు. ముగ్గురు వెంటనే సరేనన్నారు. జీడితోట పెదనాన్న మాత్రం "నెట్ వస్తే గుంటలు చెడిపోతారు" అని పది రోజులు తిప్పారు. ఖతార్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నాడని పెద్దమ్మ ఏడ్చాక ఒప్పుకున్నారు. ఒకరు రామన్నారు. ఐదు ఇళ్ళతో వెళ్ళి కేబుల్ ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. నాలుగు పోగుల వైరు, గ్లాస్ ఫైబర్ పుల్ల, తోట మొదట్లో ఎనిమిది దారుల స్ప్లిట్టర్. ఇంటికి మూడు వేల ఎనిమిది వందలు పడింది. స్ప్లిట్టర్ పేరు నా నోట విని ఆయన కాసేపు నన్ను చూసి, "ఎవరు చెప్పారమ్మా నీకు" అన్నారు. రాజాం అన్నయ్య అన్నాను. ఏ రాజాం, ఏ అన్నయ్య అని ఆయనింకా ఆలోచిస్తున్నారు.

పని మొదలుపెట్టాకే టైలర్ గారి గుట్టు బయటపడింది. ఆయన ఇంటి ముందు స్తంభం దగ్గర మిగిలిన వైరుని ఎవరో పిడికిలంత చుట్ట చుట్టి తీగతో బిగించేశారు. అది విప్పి పెద్ద చుట్టగా వేసి, రెండు జాయింట్లు మళ్ళీ వేశారు. మైనస్ 26 కాస్తా మైనస్ 20.4 అయింది. వాళ్ళమ్మాయి ఇప్పుడు నాకు రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడుతోంది. మా ఇంట్లో మైనస్ 21.6. వంద ఇస్తామన్నారు గానీ నేను ముప్పై ప్లాన్ తీసుకున్నాను. ఇరవై మూడు రోజుల్లో డ్యూటీ టైంలో రెండుసార్లు పోయింది. ఒకసారి పచ్చదీపం, నిజంగానే ఊరి బయట. రెండోసారి ఎర్రదీపం. ఫోన్ చేసి "ఎల్ఓఎస్ అండీ, కరెంటు పోయిన ఇరవై నిమిషాలకి" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. మర్నాడు ఆయన గదిలోకి కొత్త బ్యాటరీ వచ్చిందని టైలర్ గారు చెప్పారు.

ఒక్క తప్పు జరిగింది అన్నయ్యా. రెండు స్తంభాల మధ్య దూరం మరీ ఎక్కువైందని మా గట్టు మీద కొబ్బరిచెట్టుకే కట్టారు. వద్దన్నాను, వినలేదు. వచ్చే నెల అక్కడ సిమెంటు స్తంభం పాతుదామని ఐదిళ్ళ వాళ్ళం అనుకున్నాం. ఈరోజు మా తోటలో దింపు. పొద్దున్నే నాన్న ఆ చెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. గెల వైరు మీద పడకుండా తాడు కట్టి దింపమని చెట్టెక్కినవాడి మీద అరుస్తున్నారు, ఇక్కడికి వినిపిస్తోంది. నేను లాగిన్ అయ్యే ఉన్నాను.